ఉద్వాసన చెప్పని పలక

ఆదివారం పొద్దున్నే డాక్టర్ భాస్కరరావు గారు చేసే మొదటి పని లోకాన్ని తిట్టడం, రెండో పని కాఫీ తాగడం. మ్యూనిక్‌లో పాసింగ్ స్టేషన్‌కి దగ్గర్లో ఉన్న ఆ ఇంట్లో ఈ వరస ఎప్పుడూ తప్పలేదు. ఎముకల డాక్టరుగా ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆస్పత్రికి టైమైపోతుందని తిట్లు కాస్త పొట్టిగా ఉండేవి. రిటైరయ్యాక తీరిగ్గా, రాగం తీసి మరీ తిడుతున్నారు.

ఆ రోజు వంతు తారది. తార హనుమకొండ పిల్ల. జార్‌బ్రూకెన్‌లో కంప్యూటర్ చదువు ముగించి, మ్యూనిక్‌లో కార్లకి సాఫ్ట్‌వేర్ రాసే ఉద్యోగం సంపాదించి, బ్లూకార్డు వీసా చేతికొచ్చాక కూడా తలదాచుకోడానికి గది దొరక్క ఊరంతా తిరిగితే, డాక్టరు గారి భార్య మీనాక్షమ్మ జాలిపడి మేడమీద గది ఇచ్చింది. అద్దెకిచ్చేటప్పుడు మొగుణ్ణి అడగలేదు. అడిగితే ఏమంటాడో ఆవిడకి తెలుసు.

"కుక్కరు ఎన్ని కూతలు వేసిందో విన్నావా?" అన్నారు భాస్కరరావు గారు. "ఆదివారం ఈ దేశంలో పసిపిల్లలు కూడా గట్టిగా ఏడవరు. వీళ్ళకి మాత్రం పప్పు ఉడకాలి."

"తినాలి కదండీ," అంది మీనాక్షమ్మ.

"తినమను. కూత వెయ్యకుండా తినమను."

ఆయన పంతొమ్మిదివందల డెబ్భై ఎనిమిదిలో వచ్చారు ఈ దేశానికి. అప్పట్లో వీధిలో ఇంకో తెలుగువాడు కనిపిస్తే వాణ్ణి ఇంటికి లాక్కొచ్చి భోజనం పెట్టి పంపేవారట. ఇప్పుడు ఏ ఎస్-బాన్ రైలు ఎక్కినా "మామా, టెర్మిన్ దొరికిందా?", "అన్మెల్డుంగ్ అయిందా?" అని అపాయింట్‌మెంట్ల గురించీ, అడ్రసు నమోదు గురించీ తెలుగు మాటలే. అవి చెవిన పడగానే ఆయన లేచి పక్క పెట్టెలోకి వెళ్ళిపోతారు. అక్కడా ఇద్దరుంటారు. ఆ పక్క పెట్టెలోకి వెళతారు. అలా రైలు పొడుగునా నడుచుకుంటూనే ఆయన చాలాసార్లు ఊరు చేరారు.

తెలుగువాళ్ళని ఒక్కళ్ళనే తిడతారనుకుంటే పొరపాటు. జర్మన్లకీ బాగానే పడుతుంది. ముఖ్యంగా సర్ఫింగ్ అంటూ ప్లాస్టిక్ నురుగు బోర్డులు చంకన పెట్టుకుని, జుట్టు ముడేసుకుని కాలవ గట్టు మీద తిరిగే కుర్రకారుకి. "వాడు ఎక్కింది బోర్డు కాదోయ్, బాతు. గాలి నింపిన బాతు," అనేవారు.

ఈ ఒక్క విషయంలో మాత్రం ఆయనకి తిట్టడానికి హక్కు ఉందని ఎవరైనా ఒప్పుకోవాల్సిందే. భీమిలిలో సముద్రం పక్కనే పుట్టి, నాన్న బెత్తానికి భయపడి ఒక్కసారి కూడా అలలో కాలు పెట్టని మనిషి, సముద్రమన్నదే లేని మ్యూనిక్‌లో అల ఎక్కడం నేర్చుకున్నాడు. ఈజార్ నది నుంచి చీలిన కాలవల్లో నీళ్ళు రాతి మెట్టు మీంచి దూకే చోట ఒక అల లేస్తుంది. సముద్రపు అలలాగా వచ్చి పోదు. ఉన్నచోటే రాత్రీ పగలూ నిలబడి ఉంటుంది. పాతకాలం బవేరియా వాళ్ళు గట్టు మీద చెట్టుకి తాడు కట్టి, ఆ తాడు పట్టుకుని, చెక్కపలక మీద నిలబడి ఆ అల మీద జారేవాళ్ళు. భాస్కరరావు గారు వచ్చిన కొత్తలో ఆస్పత్రిలో తుంటి విరిగి చేరిన ఒక ముసలి వడ్రంగి ఆయనకి ఈ ఆట చూపించాడు. తర్వాత్తర్వాత తాడు లేకుండానే జారడం అలవాటైంది. పలకలు పల్చబడ్డాయి. ఆయన వాటిని చెయ్యడం మొదలుపెట్టారు.

పౌలోనియా అని తేలిక కర్ర. నీళ్ళు పీల్చదు. దాన్ని మనిషి ఎత్తున కోసి, బొటనవేలి మందానికి చిత్రిక పట్టి, అంచులు ఒకవైపు పల్చగా, ఒకవైపు గుండ్రంగా దించి, అడుగున వీపులాగా చిన్న లోతు తీసి, గరుకు కాగితంతో రుద్ది రుద్ది, పైన అవిసె నూనె పట్టిస్తారు. అడుగున రెక్క ఉండదు. రెక్క ఉన్న బోర్డుని ఎవడైనా తిప్పుతాడని, రెక్క లేనిదాన్ని తిప్పాలంటే మడమలో మెదడుండాలని ఆయన అనేవారు. ఏడాదికి ఒకటే పలక. ఎవరికీ అమ్మరు, ఎవరికీ ఇవ్వరు. ఇవ్వడానికి తగినవాడు ఆయనకి కనిపించలేదు.

ఈ పని అంతా జరిగేది కాలవ పక్కన ఒక కొట్టంలో. అది చెక్కపలకల వాళ్ళ సంఘానిది. జర్మన్లు ముగ్గురు కలిస్తే ఒక సంఘం పెడతారు, దాన్ని ఫెరైన్ అంటారు, దానికో నియమావళి రాసుకుంటారు. ఆ కొట్టంలో పని బల్లలు కొన్నే ఉన్నాయి. కిటికీ పక్కన, నీళ్ళ మీద వెలుతురు పడే చోట ఉన్న బల్ల భాస్కరరావు గారిది. పొద్దున్న తిట్లూ కాఫీ అయ్యాక ఆయన వెళ్ళేది అక్కడికే, సాయంత్రం దాకా ఉండేదీ అక్కడే. ఆ బల్ల లేకపోతే ఆయన ఏమైపోతారో ఆయనకే తెలీదు. మీనాక్షమ్మకి మాత్రం బాగా తెలుసు. రోజంతా ఇంట్లోనే ఉంటారు. అందుకే ఆవిడ పొద్దున్నే టిఫిన్ డబ్బా కట్టి చేతికిచ్చేది.

బల్లకో నియమం ఉంది. అక్టోబరు ఆఖరి ఆదివారం, చర్చిలో పన్నెండు గంటలు కొట్టేలోగా, బల్ల ఉన్న ప్రతివాళ్ళూ ఆ ఏడు తమ చేత్తో చేసిన పలక మీద ఈ గట్టు నుంచి ఆ గట్టుకి అల దాటాలి. దాటి గట్టు మీద నిలబడితే అధ్యక్షురాలు ఫ్రావ్ హూబర్ విజిల్ ఊదుతుంది. ఊదలేదా, బల్ల తర్వాతి మనిషికి పోతుంది. డెబ్భై దాటినా ఆయన ఏ ఏడూ విజిల్ పోగొట్టుకోలేదు.

ఆ తర్వాతి మనిషి ఎవరో తల్చుకుంటే ఆయన తిట్లు ఇంకాస్త పొడుగయ్యేవి. విక్రాంత్ అని ఒక గుంటూరు కుర్రాడు. ఏదో కంపెనీలో ప్రాడక్ట్ మేనేజరట. ఏ ప్రాడక్టో, దాన్ని ఏం మేనేజ్ చేస్తాడో ఎవరికీ తెలీదు. ఎండాకాలంలో సంఘంలో చేరాడు. ఖరీదైన ఉలుల పెట్టె కొన్నాడు, ఇంకా ప్లాస్టిక్ ఊడదియ్యలేదు.

"వుడెన్ బోర్డ్స్ అంటే నాకు ప్యాషన్ అంకుల్," అన్నాడు మొదటిరోజే, ఫోను ఎత్తి పట్టుకుని. "మీ బెంచ్ దగ్గర లైటింగ్ సూపరుంది."

"దానికి చిత్రిక ఎలా పడతారో తెలుసా నీకు?"

"వీడియోలు చూస్తున్నా అంకుల్."

భాస్కరరావు గారు మళ్ళీ చిత్రిక పట్టడం మొదలుపెట్టారు. తన దగ్గర జవాబు వినడానికి కూడా ఎదుటివాడికి ఒక స్థాయి ఉండాలని ఆయన ఉద్దేశం.

ఆ ఏడు దసరా అక్టోబరు చివర్లో, మంగళవారం వచ్చింది. కొట్టంలో చెమ్మకి నూనె ఆరదని ఆయన పలకని ఇంటికి తెచ్చి కింద కెల్లర్ అనే నేలమాళిగ గదిలో రెండు స్టూళ్ళ మీద బోర్లించి ఆరబెట్టారు. ఆ సాయంత్రం ఆయన సంఘం మీటింగుకి వెళ్ళారు. మీనాక్షమ్మ వంటింట్లో గారెలు వేస్తోంది. తార ఆఫీసు నుంచి తొందరగా వచ్చి, తన లాప్‌టాప్, సైకిలు, కుక్కరు, మీనాక్షమ్మ మిక్సీ కెల్లర్లో వరసగా పెట్టి, ఫోనులో పూజ వీడియో పెట్టుకుని, వాళ్ళ ఊళ్ళో చేసినట్టే ఆయుధపూజ మొదలుపెట్టింది. పక్కనే పలక కనిపించింది. అన్నిటికీ పెట్టి దీనికి పెట్టకపోతే బాగుండదనిపించింది. పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, దారం కట్టి, బంతిపూలు పెట్టి, కర్పూరం వెలిగించింది.

కర్పూరం పొగకి పైకప్పుకున్న అలారం కుయ్యోమంది. పక్కింటాయన వచ్చి బెల్లు కొట్టాడు. తార వీడియో ఆపేసి, అలారం ఆపేసి, పక్కింటాయనకి నాలుగుసార్లు సారీ చెప్పింది. ఆ గొడవలో పూజ అక్కడితో ఆగిపోయింది.

భాస్కరరావు గారు వచ్చి చూసి ఒక్క కేక పెట్టారు.

"ఎవరు పెట్టారు ఈ బొట్లు?"

"నేనే అంకుల్," అంది తార. "దసరా కదా. అది గూడ మీ పనిముట్టే కదా అని. మా ఇంట్ల ట్రాక్టరుకి గూడ చేస్తం."

"ఇది ట్రాక్టరా?"

"కాదంకుల్. అందుకే నిమ్మకాయలు తొక్కియ్యలే."

ఆయన పలకని దగ్గరికి లాక్కున్నారు. తడి గుడ్డతో తుడిచారు, గరుకు కాగితంతో గీకారు. పసుపు నూనెతోపాటు కర్రలోకి దిగిపోయింది. సరే, అడుగున నీళ్ళలో ఎవడు చూస్తాడులే అని, పలక నేలమీద పెట్టి, ఎంత వంగుతోందో చూడ్డానికి ఎప్పుడూ చేసినట్టే దానిమీద కాలు వెయ్యబోయారు. పలక పక్కకి జరిగింది.

మళ్ళీ వేశారు. మళ్ళీ జరిగింది, ఈసారి ఇంకాస్త దూరం. మూడోసారి రెండు కాళ్ళతో ఎగిరి దూకారు. పలక గోడ వైపు పోయింది, డాక్టరు గారు నేలమీద కూలబడ్డారు.

"నూనె ఆరలేదు," అన్నారు అక్కడినించే.

"పూజ చేసినదాన్ని కాలితో తొక్కితే ఊరుకుంటుందేమిటండీ?" అంది మీనాక్షమ్మ గారెల పళ్ళెంతో మెట్ల మీద నిలబడి. "తారా, ఉద్వాసన చెప్పావా?"

"అంటే ఏందాంటీ?"

"దేవుణ్ణి రమ్మని పిలిచి పూజ చేశాక, ఇక వెళ్ళిరండి స్వామీ అని చెప్పి సాగనంపాలి. అప్పుడు మళ్ళీ వస్తువు వస్తువైపోతుంది."

"అది వీడియో లాస్ట్‌ల ఉంటదేమో. నేను మధ్యల్నే ఆపిన."

"పోనీలే, ఇప్పుడైనా చెప్పచ్చు. పలక ఎవరిదో వాళ్ళే చెప్పాలి. ఏమండీ, రెండు అక్షింతలు వేసి, దణ్ణం పెట్టి, వెళ్ళిరండి అనండి. అంతే. గారెలు చల్లారిపోతాయి."

భాస్కరరావు గారు నేలమీంచి లేచి నిలబడ్డారు. "నేను? చెక్కకి దణ్ణం పెట్టాలా? నలభై ఏళ్ళు మనుషుల ఎముకలు కోసి అతికించినవాణ్ణి నేను. మా నాన్నకే పెట్టలేదు. ఆస్పత్రిలో ప్రొఫెసర్లకి పెట్టలేదు. హనుమకొండ పిల్ల ఫోను చూసి చేసిన పూజకి నేను దణ్ణం పెడతానా?"

"పెట్టద్దులెండి," అంది మీనాక్షమ్మ. "బల్ల పోతే పోతుంది."

ఆ మాట మాత్రం ఆయనకి గుచ్చుకుంది. అయినా పెట్టలేదు.

మర్నాడు పలకని కాలవకి పట్టుకెళ్ళారు. చేత్తో పట్టుకుంటే ఏమీ అనలేదు, చంటిపిల్లలాగా ఒదిగి కూర్చుంది. నీళ్ళలో వేసి కాలు పెట్టబోయేసరికి కింద నుంచి తప్పుకుంది. ఆయన మునిగి, తేలి, గట్టు పట్టుకుని, బూతు కాస్త తక్కువగా ఉన్న తిట్టొకటి తిట్టి మళ్ళీ ఎక్కబోయారు. మళ్ళీ అదే. ఫ్రావ్ హూబర్ గట్టు మీద నిలబడి చూసింది. ట్రాములు నడిపి రిటైరైన మనిషి, దేనికీ కంగారు పడదు.

"చెక్క కదా," అంది. "దానికేదో నచ్చలేదు."

సంఘంలో మిగతావాళ్ళూ చూసి తలాడించి ఎవరి పలకకి వాళ్ళు నూనె రాసుకున్నారు. విక్రాంత్ ముందుకొచ్చి, "నేనోసారి ట్రై చెయ్యనా అంకుల్?" అని అడిగి, అడుగుతూనే కాలు పెట్టి, కాలవలో పడ్డాడు. భాస్కరరావు గారికి ఆ వారం మొత్తంలో కలిగిన సంతోషం అదొక్కటే.

"పడుకుని చూడు హెర్ డాక్టర్," అంది ఫ్రావ్ హూబర్. "మా చిన్నప్పుడు పొట్టమీదే పోయేవాళ్ళం. నియమావళిలో అల దాటాలని ఉంది కానీ పలక మీద నిలబడి దాటాలని లేదు."

"బోర్లా పడుకుని పోయేది పసిపిల్లలు," అన్నారాయన. "పసిపిల్లలూ, కొవ్వు పట్టిన సీల్ జంతువులూ."

శుక్రవారం వెళ్ళారు, శనివారం వెళ్ళారు. కాలు పెట్టారు, మునిగారు. కొత్త పలక చెయ్యడానికి ఎండిన కర్రా లేదు, వ్యవధీ లేదు. శనివారం రాత్రి భోజనాల దగ్గర మీనాక్షమ్మ అక్షింతల గిన్నె తెచ్చి కంచం పక్కన పెట్టింది. ఆయన ఆ గిన్నెని వేలితో అవతలికి నెట్టి పెరుగు కలుపుకున్నారు.

ఆదివారం వచ్చింది. చలి ఎముకల్లోకి దిగుతోంది. అవతలి గట్టున నీళ్ళ వెంబడే జానెడెత్తులో పొడుగ్గా ఉండే రాతి మెట్టు మీద సంఘం వాళ్ళందరూ నిలబడ్డారు. వాళ్ళతోపాటు, పిలవకపోయినా, తారా వచ్చింది. మీనాక్షమ్మ ఎప్పట్లాగే అందరికన్నా చివర ఒంటరిగా నిలబడింది. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు పలకల మీద దాటారు. విజిళ్ళు మోగాయి. వంతు భాస్కరరావు గారికి వచ్చేసరికి చర్చి గంటకి ఎంతోసేపు లేదు.

ఆయన కాలు పెట్టారు. మునిగారు. గట్టెక్కి మళ్ళీ పెట్టారు. మళ్ళీ మునిగారు. ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది, తిట్టుకోడానికి ఏదో ఒకటి ఉండేది. అవతలి గట్టున విక్రాంత్ ఫోను ఎత్తి పట్టుకుని, జాలిగా మొహం పెట్టి నిలబడ్డాడు. ఆ జాలి చూసేసరికి డాక్టరు గారికి ఒళ్ళు మండిపోయింది. కిటికీ పక్క బల్ల మీద వీడి ప్లాస్టిక్ విప్పని ఉలులు. ఆ వెలుతుర్లో వీడి మొహం. ఛీ!

ఆయన పలకని నీళ్ళమీద పెట్టి, ఛాతీ ఆనించి, బోర్లా పడుకున్నారు.

పలక ఆయన్ని మోసింది. అబ్బ, ఎంత బాగా మోసిందంటే, నిలబడినన్నాళ్ళలో ఆయన కింద ఏ పలకా అంత మెత్తగా నడవలేదు. చేతులు ముందుకి చాచి, గడ్డం పలకకి ఆనించి, కాళ్ళు వెనక్కి బారజాపుకుని, సాష్టాంగంగా ఆయన అల వంపు మీద ఈ గట్టు నుంచి ఆ గట్టుకి వెళ్ళారు. ఇక లేచి నిలబడితే అయిపోయేది. కానీ పలక గట్టున ఆగలేదు. మెట్టు పక్కనే పోయి, ముక్కు సరిగ్గా విక్రాంత్ బూట్ల దగ్గర ఆనించి ఆగింది. ఆగిన విసురుకి డాక్టరు గారి నుదురు ఒక బూటుకి తగిలింది.

"ఆల్ ది బెస్ట్ అంకుల్," అన్నాడు విక్రాంత్ తడబడి.

పలక కదలలేదు, ఆయన్ని లేవనివ్వలేదు.

"దీవించు నాయనా," అని దూరం నించి కేకేసింది మీనాక్షమ్మ. "దీవిస్తేగానీ వదలదు."

విక్రాంత్ ఆలోచించాడు. నోరు మూసుకుని నిలబడితే చాలు, గంట కొడుతుంది, బల్ల తనదవుతుంది. ఆ సంగతి అతనికి తెలుసు, కింద పడుకున్నాయనకీ తెలుసు. కానీ వీడియో నడుస్తోంది, తన వీడియోలో తనే దుర్మార్గుడిలా కనపడ్డం అతనికి ఇష్టం లేదు. వీడియో ఆపి గుంటూరు ఫోను చేశాడు.

"అమ్మా, ఎవరైనా మన కాళ్ళమీద పడితే ఏమనాలే?"

"ఎవరు పడ్డార్రా? సంబంధం వాళ్ళా?"

"కాదమ్మా, ఒక ముసలాయన. తొందరగా చెప్పు."

"శతమానం భవతి అను. ముసలాయన్ని ఎందుకు పడనిచ్చావురా, పాపం తగులుతుంది!"

"శతమానం బవతి," అన్నాడు విక్రాంత్. వొత్తు కూడా పలకలేదని కింద ఆయన పళ్ళు కొరుక్కున్నారు. పలకకి మాత్రం సరిపోయింది. కొత్త పెళ్ళికూతుర్ని అత్తగారు భుజం పట్టుకుని వచ్చినవాళ్ళందరి దగ్గరికీ తోసినట్టు, ఆయన్ని పక్క మనిషి దగ్గరికి తీసుకెళ్ళింది.

ఫ్రావ్ హూబర్ రబ్బరు బూట్లు మట్టి కొట్టుకుని ఉన్నాయి. ఆవిడ కిందకి చూసి, "పాస్ట్ షోన్," అంది. బవేరియాలో దానర్థం ఫర్లేదులే, బాగానే ఉంది అని. అంతకన్నా పెద్ద దీవెన ఆ ప్రాంతంలో ఎవరూ ఎవరికీ ఇవ్వరు. పలక కదిలింది.

తర్వాత తార. ఆ పిల్ల హడలిపోయి రెండడుగులు వెనక్కి వేసింది. పెద్దవాళ్ళని ఏమని దీవించాలో ఎవరు నేర్పారు గనక. ఈ ఊళ్ళో మనిషికి ఏం కావాలో అదే నోటికొచ్చింది.

"మీకు మంచి ఇల్లు దొరకాలె అంకుల్. ఎస్-బాన్ దగ్గర్ల. తక్కువ కిరాయికి."

నువ్వుంటున్నది నా ఇంట్లోనే కదే మొద్దూ, అందామనుకున్నారు ఆయన. నోటినిండా నీళ్ళున్నాయి. పలక కదిలింది.

మెట్టు చివర మీనాక్షమ్మ. ఆయనకి ప్రాణం లేచొచ్చింది. ఈ ఒక్కత్తే సొంతమనిషి. ఒక్క మాట అనేస్తుంది, లేచి నిలబడతాను, విజిల్ మోగుతుంది, బల్ల దక్కుతుంది. పలక ముక్కు ఆవిడ చెప్పుల దగ్గర ఆగింది.

మీనాక్షమ్మ దీవించలేదు. కిందకి చూస్తూ ఉంది. పెళ్ళై వచ్చిన దగ్గర్నించీ ఆవిడ ఈ మనిషిని కింద నించే చూసింది. ఆయన మెడ ఎత్తి ఉండేది, గడ్డం, ముక్కు పుటాలు కనిపించేవి. నడినెత్తి ఎప్పుడూ చూడలేదు. జుట్టు పల్చబడి, తడిసి, చలికి నీలమెక్కి వణుకుతున్న ఆ నెత్తిని చూస్తుంటే ఆవిడకి ఎవరో తెలీని మనిషిని చూస్తున్నట్టుంది.

"ఏమేవ్, చెప్పు!" అన్నారు ఆయన.

"ఏం చెప్పమంటారు?"

"ఏదో ఒకటి అను. గంట కొట్టేస్తారు. బల్ల పోతుంది."

"నిజమే, పోతుంది."

"నీకేం తెలీదు, ముందు దీవించు!"

"నాకేం తెలీదు కదండీ. ఏం తెలీకుండా ఎలా దీవించను?"

 ఫ్రావ్ హూబర్ విజిల్ నోట్లో పెట్టుకుని చర్చి వైపు తిరిగింది. నీళ్ళు ఆయన కాళ్ళని లాగుతున్నాయి. పలకని పట్టుకున్న వేళ్ళు కొయ్యబారిపోయాయి. ఇంకాసేపయితే ఆయనే వదిలేస్తారు.

"మీనాక్షీ," అన్నారు భాస్కరరావు గారు. "దీవించు. నిన్ను అడుగుతున్నాను."

ఆవిడ చెప్పులు విప్పి పక్కన పెట్టింది. ఆ తర్వాత మోకాళ్ళ మీద కూర్చుంది.

"మీరు మునిగినప్పుడల్లా నేను ఊపిరి బిగబట్టుకుంటాను," అంది. గొంతు చిన్నదిగా ఉంది కానీ నీళ్ళ హోరులో కూడా అందరికీ వినపడింది. "తేలేదాకా బిగబట్టే ఉంటాను. ప్రతి ఆదివారం. వానలో, మంచులో. మీరు తేలాక ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు, అలవైపే చూసేవారు. పిల్లల్ని కడుపులో మోసినప్పుడూ ఇక్కడే నిలబడి బిగబట్టాను. నావల్ల ఇంక కాదండీ. మీ బల్ల మీకే ఉండాలి. మీ కాళ్ళు మాత్రం ఇక ఎప్పుడూ నేలమీదే ఉండాలి."

అని తలమీద చెయ్యి పెట్టింది.

పలక వదిలింది. ఆయన రాయి పట్టుకుని పైకి పాకి, మెట్టు మీద నిలబడ్డారు. విజిల్ మోగింది. ఆ వెంటనే చర్చిలో గంటలు కొట్టారు. బల్ల దక్కింది. విక్రాంత్ చప్పట్లు కొట్టాడు, వెధవ, వాడి చప్పట్లు ఎవడికి కావాలి.

దీవెన పట్టుకుందని డాక్టరు గారికి మర్నాడే తెలిసింది. ఇంట్లో నడిచారు, మెట్లెక్కారు, రైలెక్కారు, దేనికీ ఇబ్బంది లేదు. కాలవ దగ్గరికి వచ్చి నీళ్ళలోకి దిగబోతే మాత్రం మడమలు గట్టుని వదల్లేదు. ఒకటి లేస్తే రెండోది అంటుకుపోయింది. బూట్లు విప్పి చూశారు, కూర్చుని జారబోయారు, నలుగుర్ని పిలిచి తొయ్యమన్నారు. లాభం లేకపోయింది. ఫ్రావ్ హూబర్ చూసి, "ఇంక వచ్చే ఏడు ఎవరు దాటతారు మీ బల్లకి?" అని మాత్రం అడిగింది. నియమం నియమమే. అయితే జర్మన్ల సంఘాల్లో కుటుంబ సభ్యత్వం అని ఒకటుంటుంది. ఇంట్లో ఎవరు దాటినా చెల్లుతుంది.

నవంబరులో మీనాక్షమ్మ ఈత క్లాసులో చేరింది. తారని కూడా తీసుకెళ్ళింది, ఆ పిల్లకీ ఈత రాదు. అరవై ఆరేళ్ళ మనిషి, నిండా నల్ల రబ్బరు సూటు వేసుకుని, వాకిట్లో అద్దంలో చూసుకుని పడీ పడీ నవ్వింది.

"నీకెందుకే ఇదంతా," అన్నారు భాస్కరరావు గారు. "బల్ల పోతే పోనీ."

"ఎందుకు పోవాలి? రోజంతా మీరు ఇంట్లో ఉంటే నేనెక్కడికి పోను?"

ఆయన ఆ చలికాలమంతా బల్ల దగ్గర కూర్చుని కొత్త పలక చేశారు. ఈసారి కొంచెం పొట్టిగా, వెడల్పుగా, ఛాతీ ఆనే చోట మెత్తగా వంపు తీసి చేశారు. నాలుగుసార్లు బాగా రాలేదని మళ్ళీ చిత్రిక పట్టారు. మరుసటి దసరాకి మీనాక్షమ్మ దాన్ని కెల్లర్లో పెట్టి, పసుపు రాసి, బొట్లు పెట్టి, పూజ చేసింది. హారతి అయ్యాక ఆయన గుమ్మం దగ్గర నిలబడి గొంతు సవరించుకున్నారు.

"ఉద్వాసన చెప్పమంటావా? నేనే చెప్తాను. ఎలా చెప్పాలో చెప్పు."

"వద్దండీ," అంది ఆవిడ. "అది ఉంటేనే నాకు ధైర్యం."

అక్టోబరు ఆఖరి ఆదివారం ఆయన పలకని రెండు చేతులమీదా మోసుకొచ్చి నీళ్ళ మీద దించి, అవతలి గట్టుకి వంతెన మీంచి వెళ్ళి, మెట్టు చివర నిలబడ్డారు. మీనాక్షమ్మ చెప్పులు విప్పి, పలకకి దణ్ణం పెట్టి, బోర్లా పడుకుంది. అల అంచుకి వచ్చింది. ఒక్క ఊపులో నురుగు ఆవిడ మీదుగా దూకింది. నల్లటి సూటు, తెల్లజుట్టు, పలక, ఏదీ కనపడలేదు.

"అంకుల్, ఆంటీ సూపర్ కదా..." అని పక్కన విక్రాంత్ ఏదో అంటున్నాడు. ఆయన చెయ్యెత్తి ఆగమన్నారు. తిట్టలేదు. తిట్టడానికి ఊపిరి వదలాలి.

ఆవిడ తల పైకి తేలింది. ఆయన నిలబడ్డ గట్టుకొచ్చి, పలక ఆగిన ప్రతివాళ్ళ దగ్గరా నవ్వుతూ దీవెనలు పుచ్చుకుని, మెట్టెక్కి నిలబడింది. విజిల్ మోగింది. భాస్కరరావు గారు ఊపిరి వదిలి, తుండుగుడ్డ పట్టుకుని ముందుకి వెళ్ళారు. ఆవిడ ఆయనవైపు చూడలేదు. అలవైపు చూస్తోంది.

"ఇంకొక్కసారి," అని, ఆయన ఏదో అనేలోగా, మీనాక్షమ్మ మళ్ళీ నీళ్ళలోకి దిగింది.